డాక్టరమ్మకు మా నాయనమ్మ వేసిన దండ

నా చిన్నప్పుడు, నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు, నెక్కొండకు రెండు కోసుల దూరంలోని మా ఊళ్లో డాక్టరమ్మకు సన్మానం పెట్టారు. ఆమె కోస్తా నుంచి వచ్చి మా చిన్న దవాఖానలో ఆరేళ్లుగా పనిచేస్తోంది. ఆమె చేతిలో బతికి బయటపడ్డ వాళ్లంతా ఆదివారం బడి ముందరి షామియానా దగ్గరికి వచ్చి దండ వేయాలని సర్పంచి చాటింపు వేయించాడు.

ఆ పిలుపు మా ఇంటికి కాదనుకున్నాం. అంతకు మూడు నెలల ముందే మా తమ్ముడు పోయాడు. నాలుగేళ్ల వాడు. మెదడుకు జ్వరం ఎక్కి ఫిట్స్ వచ్చాయి. వరంగల్ పెద్ద దవాఖానకు తీసుకుపోవాలని చెప్పి, నాన్న, నాయనమ్మలతో పాటు డాక్టరమ్మ కూడా ఎడ్లబండి ఎక్కింది. సెలైన్ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని నెక్కొండ స్టేషన్ దాకా వెళ్లింది. రైలు రాకముందే ప్లాట్‌ఫారం మీద తమ్ముడి ఊపిరి ఆగిపోయింది. వాణ్ణి కాపాడలేదని ఆమె మీద నాకు చాలా కోపం. దవాఖాన ముందు నుంచి పోవాల్సి వస్తే తల తిప్పుకునేదాన్ని.

సన్మానం నాటి పొద్దున నాయనమ్మ తలస్నానం చేసి, పెరట్లో బంతిపూలు తెంపి దండ గుచ్చుతూ కూర్చుంది. నాన్న చూసి, "మనమెందుకు పోవుడు అవ్వా? మన పిలగాడు బతికిండా?" అన్నాడు. నాయనమ్మ సూది ఆపలేదు. "వానికోసం ఆమె పడ్డ కష్టం ఉత్తగనే పోతదా?" అని మాత్రం అంది. నన్ను వెంట రమ్మంది. ఇష్టం లేకుండానే వెళ్లాను.

వరుసలో మా ముందు కాన్పు గండం గడిచిన ఒక తల్లి, పాము కాటు నుంచి లేచిన ఒక రైతు నిలబడ్డారు. మా వంతు రాగానే షామియానా కింద ఉన్నవాళ్లంతా మా వైపే చూశారు. మా సంగతి అందరికీ తెలుసు కదా. డాక్టరమ్మ కుర్చీలోంచి లేచి, "అవ్వా, మీ పిల్లాణ్ణి నేను దక్కించలేకపోయాను. ఈ దండ నాకొద్దు," అంది.

"మా నసీబు అట్లున్నది బిడ్డా. నువ్వేం తక్కువ చేసినవ్? చెయ్యి గుంజినా సీసా దించలే. నేను సూసిన," అని నాయనమ్మ దండ వేసి, ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని నిమిరింది. డాక్టరమ్మ అందరి ముందూ ఏడ్చేసింది. ఆమె కూడా వాడి కోసం ఏడుస్తుందని అప్పటిదాకా నాకు తోచలేదు. నా కోపం ఆ ఒక్కరోజుతో పూర్తిగా పోలేదు గానీ, ఆ తర్వాత ఆమె ఎదురైతే నిలబడి నమస్కారం పెట్టేదాన్ని.

ఆరేళ్ల కిందట మా ఆయన హన్మకొండలో ఒక ఆసుపత్రిలో పోయారు. దినవారాలు అయ్యాక నేను అక్కడికి వెళ్లి, ఆయన్ను చూసిన కుర్ర డాక్టరును కలిశాను. గొడవకు వచ్చాననుకుని అతను ముందు బెదిరాడు. తర్వాత కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మనిషి దక్కనప్పుడు కూడా, చేసినవాళ్లకు ఒక మంచి మాట చెప్పి రావడం నాకు నాయనమ్మ దగ్గర అబ్బిన అలవాటు.