అరటి కొట్టు కంప్యూటరుకి కాపలా ఉద్యోగం

మా చర్చిలో సాక్ష్యం చెప్పమని నన్ను ఎవరూ లేపరు. ఆదివారం ఆరాధనలో ఆ వారం మేలు పొందినవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పడం మా దగ్గర ఆనవాయితీ. చాలా ఏళ్ళ క్రితం నాకు విషజ్వరం తగ్గిన సంగతి చెప్పడానికి లేచాను. చెబుతూ చెబుతూ, వరద గోదావరిలో అరటి బోదె పట్టుకుని ఆస్పత్రికి ఈదుకుంటూ వెళ్ళాననీ, దారిలో ఒక మొసలి తప్పుకుని దారిచ్చిందనీ చెప్పాను. నిజానికి వెళ్ళింది ఆటోలో. ఆ ఆటో నడిపినాయన రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. ఆ రోజు నుంచి సాక్ష్యాల వేళ సంఘపెద్ద గారి చూపు నా వరస దాకా వచ్చి, నన్ను దాటుకుని అవతలి వరసకి వెళ్ళిపోతుంది.

ఆ సంఘపెద్ద గారు రిటైరైన హెడ్మాస్టరు. చిన్నప్పుడు నాకు లెక్కలు చెప్పారు. ఊరంతా పెద్ద మాస్టారు అంటుంది. చర్చి వెనక గదిలో ఐదు కంప్యూటర్లు పెట్టించింది ఆయనే. ఉద్యోగాల పరీక్షలకి చదువుకునే మా పేట జనం సాయంత్రం అక్కడ కూర్చుంటారు. అంత మంచి పని చేసిన మనిషే ఒక సాయంత్రం గదిలోకి తొంగి చూసి కెవ్వుమన్నంత పని చేశారు. నెట్లో పిలవకుండా ఊడిపడే ప్రకటన ఒకటి, తెర నిండా పేకముక్కల్ని గిరగిర తిప్పుతోంది. వాటి పక్కన ఒకావిడ, చలికాలమని తెలియనట్టు బట్టలు కట్టుకుని, రమ్మీకి రమ్మని చెయ్యి ఊపుతోంది.

"చర్చి గోడ లోపల పేకాటా!" అన్నారు మాస్టారు. "వచ్చే ఆదివారం ఆరాధన అవగానే నెట్టు పీకించేస్తాను. పుస్తకాలు లేవా, చదువుకోలేరా?"

మూల కంప్యూటరు దగ్గర కూర్చున్న ఒకామె మౌస్ మీద చెయ్యి తీయకుండా తల వంచుకుంది. ఆమె సంగతి మా అందరికీ తెలుసు. పగలు ఊడ్పులకీ కలుపుకీ వెళ్తుంది. పెళ్ళయ్యాక పట్టుబట్టి డిగ్రీ, ఆ పైన బీఈడీ చదివింది. టీచరు ఉద్యోగం పరీక్ష రాయడానికి వయసు ప్రకారం ఆమెకి మిగిలింది ఈ ఒక్కసారే. పోయినసారి జవాబులు తెలిసి కూడా, మౌస్‌తో కుస్తీ పడలేక ముప్పై ప్రశ్నలు వదిలేసి వచ్చింది. పుస్తకం ఎంత చదివినా మౌస్ చేతికి లొంగదు. నమూనా పరీక్షలన్నీ నెట్లోనే ఉంటాయి. అసలు పరీక్షకి ఇంకా మూడు వారాలుంది.

నా నోరు ఊరుకోదు కదా. "మాస్టారూ, ఆదివారం దాకా ఆగండి. పేకముక్క కాదు కదా, పేకముక్క నీడ కూడా లోపలికి రాకుండా గోడ కట్టేస్తాను," అన్నాను.

"ఇటుకలెవరిస్తార్రా?"

"ఇటుకలెందుకండీ. పాత కంప్యూటరు ఒకటి పారేయండి నా ముఖాన."

నేను కాలేజీ ఆఫీసులో గుమాస్తాని. కానీ ఈ విషయంలో నేను కోసింది కోత కాదు. మా ఆఫీసు కంప్యూటర్లకి ఇదే పని రెండుసార్లు చేశాను. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. బయటి నుంచి వచ్చే నెట్టు తీగ తిన్నగా గదిలోకి వెళ్ళకుండా, ముందు ఒక పాత కంప్యూటరులోకి వెళ్తుంది. అక్కణ్ణుంచి రెండో తీగ మీద మిగతావాటికి చేరుతుంది. ఆ పాత కంప్యూటరు గేటు దగ్గర వాచ్‌మన్ లాంటిది. ఎవరు, ఎక్కడికి అని అడుగుతుంది. మనం రాసిచ్చిన జాబితాలో ఉంటే పంపుతుంది, లేకపోతే లేదు. దానికి లినక్స్ చాలు. పైసా ఖర్చుండదు, ముసలి యంత్రాన్ని చూసి మొహం చిట్లించదు.

యంత్రం రావులపాలెంలో దొరికింది. అరటి గెలల వ్యాపారి ఒకాయన కొట్టులో దాన్ని టేబుల్ ఫ్యానుకి పీటగా వాడుతున్నారు. అడిగితే "తీసుకెళ్ళండి బాబూ, పీట ఇంకోటి చేయించుకుంటాను," అన్నారు. ఇంటికి తెచ్చి డబ్బా మూత విప్పితే లోపలున్న దుమ్ములో నారుమడి పోసుకోవచ్చు. ఎండిన అరటాకు ముక్కలు, వాటి కింద ఒక బల్లి, దాని సంసారం. బల్లిని ఖాళీ చేయించడానికి నాకు గంట పట్టింది, అదీ అద్దెకున్నవాళ్ళతో మాట్లాడినంత మర్యాదగా మాట్లాడితే. దుమ్ము ఊది, ర్యామ్ ముక్కని రబ్బరుతో రుద్ది, రెండో తీగ కోసం ఇంకో నెట్‌వర్క్ కార్డు బిగించి మీట నొక్కాను. పిండిమర లాగా చప్పుడు చేసింది కానీ, లేచింది.

పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ ఎక్కించాను. బొమ్మలేమీ లేని రకం, నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ముందు ఒక తీగలో వచ్చిన నెట్టుని రెండో తీగకి పంచే ఆజ్ఞల వరసలు రాసి, యంత్రం లేచినప్పుడల్లా వాటంతటవే అమలయ్యేలా స్టార్టప్ ఫైల్లో పెట్టాను. ఆపి మళ్ళీ వేసి చూశాను. భేషుగ్గా ఉంది. గురువారం చర్చి గదిలో దాన్ని బిగించి, అడ్డుకునే వరసలు అక్కడే కూర్చుని కొట్టాను. మొదటి వరస, దారులన్నీ మూసెయ్. ఆ తర్వాత నమూనా పరీక్షల సైటుకి ఒక తలుపు, ప్రభుత్వ దరఖాస్తులకి ఒకటి, మెయిలుకి ఒకటి.

మాస్టారు స్వయంగా కూర్చుని, ఒక్క వేలితో రమ్మీ అని కొట్టారు. తెర మీద గుండ్రం తిరిగింది, తిరిగింది, ఏమీ రాలేదు. వార్తల సైటు కొట్టారు. అదీ రాలేదు.

"పేపరు కూడా రాదేంట్రా?"

"పేపరు మీ ఇంటికే వస్తుంది కదండీ పొద్దున్నే."

ఆయన మీసం కొంచెం కదిలింది. "సరే. ఆదివారం దాకా చూస్తాను. ఈలోగా ఒక్క ముక్క కనబడినా పీకించేస్తాను."

మూల కంప్యూటరు దగ్గరామె నా వైపు తిరిగి, "వందనాలండీ అన్నయ్యగారూ," అంది. ఆ ఒక్క మాటతో నాకు అడుగు ఎత్తు పెరిగినట్టయింది.

శుక్రవారం మా బావమరిది కొత్తింటి ప్రార్థనకి జంగారెడ్డిగూడెం వెళ్ళాను. జీడిపప్పు ఉప్మా తింటూ అక్కడివాళ్ళకి నా గోడ సంగతి చెప్పాను. మొదటి విడత టిఫిన్లకి అది పది మంది దొంగల్ని ఆపింది. రెండో విడతకి నలభై మంది అయ్యారు. శనివారం మధ్యాహ్నం భోజనాలకి, ఏదో చల్లటి దేశం నుంచి ఒక హ్యాకరు తెలుగు నేర్చుకుని మరీ "అయ్యా, ఒక్కసారి వదలండి" అని బతిమాలుకున్నాడు. జనం ఆవకాయ కలుపుకోవడం మానేసి వింటున్నారు. సరిగ్గా సాయంత్రం టీల వేళకి ఫోను మోగింది. చర్చి గదిలోంచి ఆమె.

"అన్నయ్యగారూ, పేకముక్కలు మళ్ళీ వచ్చాయండి."

"అలా ఎలా వస్తాయమ్మా? అది నిన్నటి పాత బొమ్మ అయ్యుంటుంది. సూర్యుడి మీద తుపాను లేచినప్పుడు నెట్లో ఒక్కోసారి..."

"కథలొద్దండీ," అంది. గొంతు పెంచలేదు. "నిన్న కూడా వచ్చాయి. ఎవరికీ చెప్పకుండా తీసేశాను. ఇవాళ మాస్టారి కళ్ళబడ్డాయి. రేపు పీకించేస్తానన్నారు. నాకు ఇంకా పన్నెండు నమూనా పరీక్షలున్నాయండీ."

నా చేతిలో టీ చల్లారిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు హ్యాకరు ఏమయ్యాడని అడుగుతున్నారు.

ఆదివారం తెల్లవారగానే మొదటి బస్సు ఎక్కాను. చర్చికి చేరేసరికి మొదటి గంటకి ఇంకా అరగంట ఉంది. తాళాలూ గంటా చూసుకునేది ఒక ముసలాయన. మేమంతా గంట తాత అంటాం. ఆయన నన్ను చూసి గది తీసి, కాళ్ళకి రబ్బరు చెప్పులు తొడుక్కుని, వరండాలో మెయిన్ స్విచ్ పైకెత్తాడు. అప్పుడు లేచింది నా యంత్రం, పిండిమర చప్పుడుతో. నల్ల తెర మీద అడ్డుకునే వరసల జాబితా అడిగాను. ఖాళీ! మూసెయ్ అన్న వరసే లేదు. అన్ని దారులూ బార్లా తెరిచి ఉన్నాయి.

"తాతా, రోజూ మెయిన్ ఆపేస్తావా?"

"ఆపకపోతే ఎలా బాబూ? క్రిస్మస్ స్టారు అంటుకుని గుమ్మం కాలిపోలేదేంటి ఆ యేడు? ఆ రోజు నుంచి ఎర్ర లైటు ఒక్కటి ఎలుగుతున్నా నేను తాళం ఎయ్యను."

నాకు తెలియనిది కాదు. పాతికేళ్ళుగా చూస్తున్నాను. ప్రార్థన అయ్యాక రబ్బరు చెప్పులేసుకుని ఆయన మెయిన్ దించితేనే మా చర్చిలో రోజు ముగిసినట్టు. చేత్తో కొట్టిన వరసలు కరెంటు ఉన్నంతసేపే ఉంటాయనీ, ఫైల్లో దాచి, లేవగానే అమలు చెయ్యమని చెప్పకపోతే చెరిగిపోతాయనీ కూడా నాకు తెలుసు. తెలిసిన ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు, అంతే. గురువారం రాత్రి తాత మెయిన్ దించగానే నా గోడ కూలిపోయింది. శుక్రవారం నుంచి నేను జంగారెడ్డిగూడెంలో లేని గోడ గురించి చెబుతున్నాను.

వరసలన్నీ మళ్ళీ రాసి, ఈసారి ఫైల్లో దాచి, స్టార్టప్‌కి అప్పగించాను. ఆపి వేసి చూద్దామనుకునేలోపు రెండో గంట మోగింది. ఆరాధనకి పరుగెత్తాను.

ప్రకటనల వేళ మాస్టారు లేచారు. "కంప్యూటరు గది నెట్టు ఇవాళ తీయించేస్తున్నాం. మనవాడు పెట్టిన యంత్రం మంచిదేనట. తాత రోజూ మెయిన్ ఆపేయడం వల్ల పాడైందట. తాతే వచ్చి చెప్పాడు, తప్పు తనదేనని." కళ్ళజోడు సర్దుకున్నారు. "పెద్దవాడైపోయాడు. తాళాలు ఇంకొకరికి అప్పజెప్పే సంగతి కూడా ఆలోచిద్దాం."

నేను అడిగిన ఒక్క ప్రశ్నకి ఆ ముసలాయన తనని తాను దోషిని చేసుకున్నాడు. గుమ్మం దగ్గర, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళ వైపు మూడో వరసలో ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది, మళ్ళీ చుట్టుకుంటోంది.

ఎవరూ పిలవకుండానే లేచాను. "సాక్ష్యం చెప్పాలండీ."

చర్చి మొత్తం సర్దుకుని కూర్చుంది. ఆటో ఆయన వెనక్కి తిరిగి, ముఖం చేటంత చేసుకున్నాడు.

"తాత తప్పేమీ లేదండి. నేను వరసలు కొట్టి, దాచడం మర్చిపోయాను. మెయిన్ ఆపితే చెరిగిపోతాయని తెలిసి కూడా మర్చిపోయాను. ఇందాక దాచాను." కూర్చున్నాను.

జనం ఎదురుచూస్తూనే ఉన్నారు.

"అంతేనా?" అన్నారు మాస్టారు.

"అంతేనండి."

"మొసలి ఏమీ రాలేదా?"

ముందు ఆటో ఆయన నవ్వాడు, తర్వాత పాస్టరు గారు, ఆ తర్వాత అందరూ. మాస్టారు మాత్రం నవ్వలేదు. "ఆరాధన అవనీ. నేనే చూస్తాను," అన్నారు.

అయ్యాక సగం సంఘం వరండాలోకి వచ్చేసింది. మాస్టారు తాత దగ్గర రబ్బరు చెప్పులు అడిగి తీసుకుని, తొడుక్కుని, మెయిన్ కిందికి దించారు. లోపలి ఫ్యాన్లు ఆగాయి. లెక్కల మాస్టారు కదా, వంద దాకా పైకే లెక్కపెట్టారు. మళ్ళీ ఎత్తారు.

నా యంత్రం లేవడానికి రెండు నిమిషాలు తీసుకుంది. నేను ధైర్యంగానే ఉన్నాను. తీగలు రెండూ గట్టిగా ఉన్నాయో లేదో మాత్రం మూడుసార్లు నొక్కి చూశాను. మాస్టారు కూర్చుని రమ్మీ అని కొట్టారు. గుండ్రం తిరిగింది. ఇంకో సైటు కొట్టారు. అదీ తిరిగింది. మూడోసారి తిరుగుతుండగా, గుంపులోంచి ఆమె ముందుకి వచ్చి మూల కంప్యూటరు ముందు కూర్చుంది. నమూనా పరీక్ష పేజీ అడిగింది. అది టక్కున వచ్చింది. ఎవరి అనుమతీ అడక్కుండా మొదలుపెట్టు అన్న చోట నొక్కేసింది. తెర మూల గడియారం వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

మాస్టారు లేచి వెళ్ళి ఆమె వెనక నిలబడి, తెర మీదికి వంగారు. ఆయన వెనక పాస్టరు గారు, ఆయన వెనక మేమందరం.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి," అంది ఆమె, తల తిప్పకుండానే. "కాస్త అందరూ బయటికెళ్తారా? టైమ్ నడుస్తోందండీ."

నలభై ఏళ్ళు బడి నడిపిన మనిషి, పరీక్ష హాల్లో దొరికిపోయిన కుర్రాడిలా వేళ్ళ మీద నడుచుకుంటూ బయటికి వచ్చారు. మా అందర్నీ సైగతో తోలి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరగా వేశారు. నెట్టు పీకడం గురించి ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తాత చేతిలో తాళాల గుత్తి అలాగే ఉంది.

లోపల్నుంచి మౌస్ టిక్కు టిక్కుమంటోంది, ఎక్కడా తడబడకుండా. ఒక్కో టిక్కుకీ మాస్టారు కళ్ళు మూసుకుని తల ఊపుతున్నారు, ఆ జవాబులన్నీ తనకి వినిపిస్తున్నట్టు.