ఈక్వలైజర్‌ను పరీక్షించ వచ్చిన పెద్దసారు

కరీంనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబులు ఊడ్చి, సార్లకు టీలు మోసినదాన్ని నేను. చదివింది ఐదో తరగతి. అయినా ఎవరికి చదువుందో, ఎవరికి ఇస్త్రీ బట్టలు మాత్రమే ఉన్నాయో కప్పు అందుకునే తీరులోనే తెలిసిపోయేది.

నా కూతురు అక్కడే చివరి సంవత్సరం చదివింది. తోటివాళ్లు ప్రాజెక్టులు హైదరాబాద్‌లో తయారుగా ఉన్నవి కొనుక్కొచ్చారు. ఇది మాత్రం ఈక్వలైజర్ అనేదాన్ని సొంతంగా చేసింది. అదేమిటే అని అన్నం దగ్గర అడిగాను.

"నానమ్మకు పండ్లు లెవ్వు గద అవ్వా. ఆమె మాట బయటోళ్లకు తెల్వది. మనకెట్ల తెలుస్తది?"

"రోజు వింటం గదనే."

"గంతే. తీగలల్ల జోరుగ వచ్చే మాట గూడ గట్లనే నలుగుతది. ముందుగాల తెలిసిన మాటలు పంపితే, ఏది ఎట్ల నలిగిందో నా సర్క్యూట్ నేర్చుకొని సరిచేస్తది. తెర మీద గీతలు కన్ను లెక్క తెరుచుకుంటే నేర్చినట్టు."

పరీక్షకు బయటి నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. ఆయన ఫెయిల్ అని రాస్తే బిడ్డకు దొరికిన ఉద్యోగం పోయినట్టే. కొన్న ప్రాజెక్టులన్నిటికీ తలూపాడు మహానుభావుడు. రంగు లైట్లు మిణుకుమంటే చాలు ఆయనకు. బిడ్డ వంతు వచ్చింది. ల్యాబు కంప్యూటర్ ముసలిది, సర్క్యూట్ లెక్క అందులో మెల్లగా నడుస్తుంది. తెర మీద ఇంకా ఉత్త గీతల చిక్కే.

"ఏం లేదు గిండ్ల. ఫెయిల్," అని పెన్ను తీశాడు.

"జర ఆగుండ్రి సార్, ఇంకా నేర్చుకుంటాంది."

"సర్క్యూట్ నేర్చుకునుడేంది? నాకు తెల్వదా?"

నిజంగానే తెలియదు పాపం. పొగలు కక్కే టీ అంచుదాకా పోసి, బిస్కెట్లతో ఆయన ముందు పెట్టాను. ఊరికే వచ్చింది వదిలే మనిషి కాదు. పెన్ను పక్కన పెట్టి ఊదుకుంటూ కూర్చున్నాడు. రెండో బిస్కెట్‌కల్లా గీతలు పక్కలకు జరిగి, నడుమ తెల్లగా కన్ను తెరుచుకుంది.

"గిదెప్పుడైంది?"

"మీరు బిస్కెట్ ముంచుతుంటే సార్," అంది బిడ్డ.

మూతి తుడుచుకుని పాస్ రాశాడు. బయట మా కాలేజీ సార్లతో, "పిల్లకు తెల్వలే, నేనే చెప్పి సరిచేయించిన," అంటున్నాడు. బిడ్డ పళ్లు కొరుకుతూ అటు కదిలింది. చెయ్యి పట్టి ఆపాను.

"ఊకో బిడ్డా. పాస్ రాసిండు, సంతకం పెట్టిండు. ఇగ ఏమన్న వాగనీ."