అత్తగారూ హైడ్రోజన్ గొడవా

మా ల్యాబ్‌లో ఆవిణ్ని అందరూ అత్తగారు అనేవాళ్లం. ఎవరేం చేస్తున్నా వెనకే నిలబడి చూసేది మరి! నీలం లైట్ల కోసం ఆవిడ పెంచిన గాలియం నైట్రైడ్ స్ఫటికాల్లో ఎంత మెగ్నీషియం కలిపినా కరెంటు సరిగ్గా పారేది కాదు. తయారీలో దూరిన హైడ్రోజన్ ఆ మెగ్నీషియాన్ని పట్టుకుని పనిచెయ్యనివ్వడం లేదని చివరికి ఆవిడే కనిపెట్టింది. ఆ స్ఫటికాల్ని ఫర్నేస్‌లో, నైట్రోజన్ వాయువు మధ్య బాగా వేడిచేస్తే హైడ్రోజన్ పారిపోయింది, కరెంటు పారింది. ఆవిడ కళ్లు చెమర్చాయి.

డైరెక్టర్‌గారి ఆనందం అంతకు రెట్టింపు. మహాజ్ఞాని కదా, వెంటనే ఆర్డరేశారు. "హైడ్రోజన్ మన శత్రువు. ల్యాబ్‌లో ఉన్నవన్నీ అలాగే కాల్చండి!"

"అన్నీ వద్దండీ. పక్కగదిలో సోలార్ పలకల సిలికాన్‌కి అదే ప్రాణం. అందులో జతలేని పరమాణువులకి తోడు హైడ్రోజనే" అంది అత్తగారు.

"శత్రువుని వెనకేసుకొస్తారేంటమ్మా?"

ఆవిడ సెలవు పెట్టిన రోజు చూసి పలకలన్నీ ఫర్నేస్‌లో పెట్టించారు. తర్వాత వాటిని ఎంత ఎండలో పెట్టినా పనికొచ్చే కరెంటు రాలేదు.

తిరిగొచ్చిన అత్తగారికి ఒళ్లు మండింది. వెంటనే సోలార్ గదివాళ్లతో కూర్చుని, హైడ్రోజన్ కలిపి, కొత్త పలకలు చేయించింది. అవి బ్రహ్మాండంగా పనిచేశాయి. డైరెక్టర్‌గారు వాటిని అతిథులకి చూపిస్తూ, "హైడ్రోజన్ మన మిత్రుడని నేను మొదట్నుంచీ మొత్తుకుంటున్నా" అన్నారు, ఏ మాత్రం తడబడకుండా.

అత్తగారు ఫర్నేస్ తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుంది. ఆయనెప్పుడు అడిగినా, "ఇస్తానండీ, దేన్ని కాలుస్తారో ముందు చెప్పండి" అంటుంది.