మూడో మెట్టు దాటిన బేరం

ఆ రోజుల్లో మా కోరుట్ల బజారులో ఎవరైనా బేరమాడకుండా కొంటే, ఒంట్లో బాగాలేదేమోనని ఇంట్లోవాళ్లు నుదురు తాకి చూసేవారు. బట్టల దుకాణంలో పెరిగిన నాకు మా బాపు నేర్పిన మొదటి పాఠం, "గిరాకి లేచి పోతున్నడంటే మూడో మెట్టు దిగకముందే పిలువాలె కొడుకా." (మనం కొనబోయినప్పుడు దీన్నే తిరగేసి వాడాలన్నది నా సొంత తెలివి.) పెళ్లయిన ఏడాది, దుకాణంలోని క్యాలెండరు మీద కశ్మీరు కొండల ఎర్రటి చెట్లు చూసి మా ఇంటామె, "ఆకులు నిజంగ గింత ఎర్రగైతయా, అద్దకమా?" అంది. సిరిసిల్లలో నూలుకు రంగులద్దే ఇంటి పిల్ల మరి. నన్నడిగిన మొదటి కోరిక అది. చూపిస్తానని మాటిచ్చాను.

యాత్రలకు తీసుకుపోయే ఆయన ఆఫీసు జగిత్యాలలో, మేడ మీద. ధర కుదిరింది, సీట్లు రెండే మిగిలాయి. నేను ఊరుకుంటేనా! "అన్నా, కిటికీ సీట్లియ్యి, రెండు రగ్గులు మీద కలుపు" అన్నాను. "కాదు సేటూ, ఒక్కటే మాట" అన్నాడు. "అయితే పోతున్నం" అని లేచాను. మూడో మెట్టు దిగాను, పిలుపు లేదు. పదో మెట్టు దాకా పెళ్లికూతురి నడక నడిచాను. నాతో వచ్చి కిందనే నిలబడ్డ ఇంటామె, "ఏంది, కాళ్లు నొస్తున్నయా?" అంది. అంతలో పైనుంచి, "ఓ సేటూ!" గెలిచానని మీసం దువ్వుతూ వెనక్కి తిరిగాను. "గొడుగు మరిచినవ్!"

మర్నాడు పరువు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లేసరికి ఆ సీట్లు ఎవరో తీసేసుకున్నారు. తర్వాతి జట్టులో మా పేర్లు రాయించాను. మేం బయల్దేరేలోపే తెలంగాణ సమ్మె మొదలై బస్సులు, రైళ్లు బంద్. (ముందు జట్టువాళ్లు వెళ్లినప్పుడు ఆకులు పచ్చగానే ఉన్నాయట. తిరుగు రైళ్లు లేక, ఎర్రబడేదాకా అక్కడే ఉండి కళ్లారా చూశారట.)

మా ఊరి నడిరోడ్డు మీద సమ్మెవాళ్ల వంటావార్పు జరుగుతుంటే, పక్కనే ఇంటామె ఎర్రరంగద్దిన గునుగుపూలతో బతుకమ్మ పేరుస్తోంది. దగ్గరికి పోయి, "నా మీద కోపమా?" అన్నాను.

"తెలంగాణ కోసం గిందరు గిన్నేండ్ల సంది ఎదురుచూస్తున్నరు, నేను ఆకుల కోసం ఒక్క ఏడు ఆగలేనా? చెట్లు మల్ల చిగురెయ్యవా ఏంది? కని ఈసారి బేరం నాది. మీరు కిందనే నిలవడుండ్రి, గొడుగు పట్టుకొని."

మరుసటి ఏడు అలాగే నిలబడ్డాను. రెండు నిమిషాల్లో దిగివచ్చింది. ఆయన చెప్పిన ధరకు ఎదురు మాట్లాడకుండా సరేనన్నదట. ఆయన మురిసిపోయి కిటికీ సీట్లు తానే ఇచ్చాడట! కశ్మీరు కొండ మీద రాలిన ఎర్రటి ఆకునొకదాన్ని ఏరి, వేలితో గట్టిగా రుద్ది, వేలు చూసుకుంది. రంగు అంటలేదు. "నిజమే" అంది, నా వైపు చూసి.

ఆ ఆకు ఇప్పటికీ మా దుకాణంలో ఆ పాత క్యాలెండరు వెనకే ఉంది. నేను మాత్రం ఎక్కడైనా బేరం తెగక లేస్తే, మెట్లు నెమ్మదిగానే దిగుతాను. పైనుంచి పిలిచేవాళ్లెవరూ లేరని తెలుసు. ఎందుకంత నెమ్మదని ఎవరైనా అడిగితే మోకాళ్ల నొప్పుల మీదికి నెట్టేస్తాను.