మామయ్య కుట్టిన సీరియల్

మా మామయ్య ఏ పని చేసినా ఒక పాలు ఎక్కువే చేసేవారు. వారపత్రిక గోదావరి దాటి మా ఊరు మద్దేడ్ చేరేదాకా మా అత్తమ్మ బస్సు కోసం ఎదురుచూసేదట. వచ్చిన సీరియల్ పేజీలు కత్తిరించి దాచేదట. అవన్నీ ఆయన గోనెసంచులు కుట్టే దబ్బనంతో, పురికొసతో పుస్తకంగా కుట్టిపెట్టారు. ఎంత లోపలికి కుట్టారంటే, ప్రతి వరుసలోనూ ఒకటి రెండు మాటలు కుట్టు కిందికే పోయాయి. చూపు బాగున్న రోజుల్లో అత్తమ్మ వేళ్లతో విడదీసి, తొంగిచూసి చదివేది. చదివినంతసేపూ ఆయన్ని తిట్టేది.

ఇప్పుడు ఆయన లేరు, అత్తమ్మ నా దగ్గరే ఉంటోంది. ఆమెకు అక్షరాలు ఆనవు. ఆ కథ ఇంకొక్కసారి వినాలని మాత్రం ఒకటే పట్టు. గోదావరి ఇవతలి మా జిల్లా కేంద్రం బీజాపూర్‌లో ఆధార్ కార్డులూ పొలం కాగితాలూ స్కాన్ చేసే దుకాణం నాది. పుస్తకం స్కాన్ చేస్తే కంప్యూటరే అక్షరాలు పోల్చుకుంటుందనీ, ఫోన్ చదివి వినిపిస్తుందనీ గొప్పలు పోయాను.

తీరా చూస్తే పుస్తకం అద్దం మీద బోర్లా పడుకోనంది. మూత మీద నా బరువంతా మోపినా పేజీ మధ్యలో నల్లటి పట్టీ, దాని పక్కన వంగిపోయిన అక్షరాలూ వచ్చాయి.

"కుట్టు విప్పితే సాఫుగా వస్తది అత్తమ్మా."

"ఆయన చేతి కుట్టే అది! ముట్టినవంటే నీ దుకాణం ముందట కూసుంట, ఒక్క గిరాకిని రానియ్య."

చేసేది లేక అలాగే వినిపించాను. ఫోన్ రెండు మాటలు చదివి ఒకటి మింగేది. మింగిన మాటను అత్తమ్మ టక్కున అందించేది. "ఏందే, నీ మిషిన్‌కు నత్తా?" అని పైగా దెప్పిపొడుపు. సర్టిఫికెట్ల కోసం వచ్చినవాళ్లు పని మరిచి బెంచీ మీద చేరారు. తెలుగు రానివాళ్లకు ఆమే హిందీలో, గోండీలో కథ చెప్పేది. నా వ్యాపారం మూలకు పడ్డా నాకూ సరదాగానే ఉండేది.

ఆఖరి భాగం వచ్చింది. ఏళ్ల తరబడి ఇల్లు పట్టని భర్త తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. భార్యను చూసి ఏదో అన్నాడు. ఫోన్ ఆ మాట మింగేసింది. బెంచీ అంతా అత్తమ్మ వైపు తిరిగింది. ఆమె నోరు తెరిచింది కానీ ఆ మాట గుర్తు రాలేదు. మళ్లీ వినిపించాను. మళ్లీ రాలేదు. నాకు భయం వేసింది.

మధ్యాహ్నం ఆమె అన్నం ముట్టలేదు. నేను ఫోటోలు కత్తిరించే కత్తెర తెచ్చి నా చేతిలో పెట్టింది.

"మామయ్య కుట్టు కదా అత్తమ్మా?"

"ఆ మాట ఆయనే దాసిండు. ఆయన దగ్గర్నే తీసుకోవాలె. కొయ్యి."

కోశాను. పేజీ అద్దం మీద చక్కగా పరుచుకుంది. ఫోన్ చదివింది: "అన్నం ఉందా?"

"ఓస్, గంతేనా!" అత్తమ్మ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వింది. పేజీలు సర్దుతూ, అన్నీ స్కాన్ చేశాక మళ్లీ కుట్టించనా అని అడిగాను.

"వద్దు బిడ్డా," అంది. "ఇంకా ఏమేం మర్సిపోతనో."