బెత్తెడు సందు

ఎవరైనా దయ్యాల మాట ఎత్తితే నవ్వి లేచిపోయే రకం నేను. నిజామాబాద్‌లో పద్దెనిమిదేళ్లుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. వైరు తెగితే బండి ఆగుతుంది, కలిపితే నడుస్తుంది. నాకు తెలిసిన లోకం అంతే.

మొన్న వానకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం రెంజల్ నుంచి రాజమణి అనే ఆమె కారు తెచ్చింది. వెనక సీట్లో వాళ్లమ్మ కూర్చుని ఉంది.

"సన్‌రూఫ్ మూసుకుంటలేదన్నా. బాపు పోయి నెల దాటింది. అప్పటిసంది గిట్లనే ఉన్నది. వాన పడితే లోపలంత ఖరాబైతది. అమ్మేద్దామంటే అవ్వ ఒప్పుకుంటలేదు," అంది రాజమణి.

స్విచ్ నొక్కాను. కారు కప్పులోని అద్దం ముందుకొచ్చి, ఇంకా బెత్తెడు సందు ఉందనగా ఆగి, వెనక్కి పోయింది. అందులో వింతేమీ లేదు. మూసుకునేటప్పుడు ఎవరి చెయ్యో తలో అడ్డమొస్తే నలిగిపోకుండా అలా వెనక్కి పోయే ఏర్పాటు ఉంటుంది. పట్టాల్లో చెత్త ఇరుక్కున్నా అంతే.

పట్టాలు తుడిస్తే చెరకాకు తునకలు వచ్చాయి. నీళ్లు పోయే గొట్టాల్లోకి గాలి కొట్టాను. రబ్బరు అంచు కడిగి, పట్టాలకు గ్రీజు పెట్టాను. ఫ్యూజు బాగుంది. మోటారు విప్పి బల్ల మీద తిప్పి చూస్తే అదీ బాగుంది. తిరిగి బిగించి, స్విచ్ నొక్కిపట్టి రీసెట్ చేశాను. మళ్లీ అక్కడే ఆగింది. టేపుతో కొలిచాను. ప్రతిసారీ అదే బెత్తెడు.

చివరికి కప్పులో ఉండే బెజ్జంలోకి వంపు కడ్డీ పెట్టి చేత్తో తిప్పాను. చేత్తో తిప్పితే మోటారుతో పని లేదు, మూసుకుని తీరాలి. అక్కడికొచ్చి ఆగింది. ఇనుముకు ఇనుము తగిలినట్టు కాదు. మెత్తగా ఆగింది.

బోధన్ వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. రాజమణి పైకి చూస్తూ మెల్లగా చెప్పింది.

"ఆఖర్ల బాపుకు ఊపిరాడకపోతుండె. దవాఖానకు తీస్కపోయినప్పుడల్ల గిది తెరిపిచ్చి, చెయ్యి పైకి పెట్టుకొని కూసుంటుండె. గాలి తాకుతాంటే పానం నిమ్మలమైతదంటుండె."

వెనక సీట్లోంచి వాళ్లమ్మ ఆ సందు వైపు తలెత్తింది. రోజూ ఇంట్లో మొగుణ్ని కోప్పడే గొంతుతోనే అంది.

"ఇగ చాలు. చెయ్యి లోపలికి తీస్కో. వానొస్తున్నది, పిల్ల తడుస్తది."

నేను స్విచ్ నొక్కాను. అద్దం వచ్చింది. ఆగలేదు. పూర్తిగా మూసుకుంది.

ఆ తర్వాత పదిసార్లు తెరిచి మూశాను. ఒక్కసారీ మొరాయించలేదు. గ్రీజు పాకడానికి కొంత సమయం పట్టిందేమో అని నాకు నేనే చెప్పుకుంటుంటాను. కానీ చేత్తో తిప్పినప్పుడు తగిలిన ఆ మెత్తదనం గ్రీజు వల్ల వచ్చేది కాదు.

బయల్దేరే ముందు ఆ పెద్దామె నన్ను దగ్గరికి పిలిచింది.

"గట్టిగ మూసుకోలేదు కద బిడ్డా? ఆయన చెయ్యి నలుగలేదు కద?"

"లేదవ్వా, మెల్లగనే మూసుకున్నది," అన్నాను.

ఆమెను ఓదార్చడానికి అన్నానో, నాకు అలాగే అనిపించి అన్నానో ఇప్పటికీ చెప్పలేను.