టవలు కింద చెయ్యి

ఈ రోజు మా ఆదోని కాలేజీలో నాకు ఘనమైన సన్మానం జరిగింది. ఇంగ్లీషు సారు నన్ను లేపి, 'గివప్' అంటే అర్థం చెప్పి సొంత వాక్యంలో వాడమన్నారు. వదులుకోవడమని అర్థం చెప్పాను. వాక్యమే నోటికి రాలేదు.

"పరీక్ష రెండుసార్లు తప్పినావు. ఇంగ్లీషు గివప్ చేసి, మీ నాయనతో పోయి పత్తి అమ్ముకోప్పా. ఈసారి పరీక్షకు నీ పేరు పంపను," అన్నారు సారు. క్లాసంతా నవ్వింది.

పక్కనున్న కౌతాళం హనుమంతు భుజం మీది టవలు లాగి బల్ల మీద పరిచాను.

"సార్, పత్తి మార్కెట్లో మా నాయనా సేటూ టవలు కింద వేళ్ళు పట్టుకొని బేరమాడతారు. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత ధర. ముందు చెయ్యి బయటికి తీసినోడు గివప్ సేసినట్టు. నా చెయ్యి ఇంకా కిందనే ఉండాది సార్."

సారు సుద్దముక్క పక్కన పెట్టి, టవలు కింద చెయ్యి దూర్చి నా వేలొకటి పట్టుకున్నారు.

"ఒక్క అవకాశం. అంతే."

నేను ఆయన వేళ్ళు రెండు పట్టుకున్నాను.

గంట కొట్టేదాకా ఇద్దరం చెయ్యి తీయలేదు. బేరం రేపటికి వాయిదా పడింది. హాస్టలు గోడ మీద నేనంటించిన ఈ కాగితం చదువుతున్న మహాజనులారా, సాక్షికి ఎవరొస్తారు?